ముందురోజు పాట

ధాన్యం మీద అడుగు ఎత్తి వేయకూడదు, ఈడ్చాలి. అప్పలమ్మ కుడికాలు ఈడ్చి, ఎడమకాలు ఈడ్చి మిల్లు కళ్లంలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. ఆమె పాదాల వెంట ఉడికిన ధాన్యం రెండుగా చీలి సన్నటి చాళ్లు పడుతున్నాయి. కింది తడి పైకి వస్తోంది, పైనున్న పొడి కిందకు పోతోంది. గోడ దాకా వెళ్లి, తిరిగి, మునుపటి చాలు పక్కనే ఇంకో చాలు. ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టిన ధాన్యానికి పులుపూ మట్టీ కలిసిన వెచ్చటి వాసన ఒకటుంటుంది. అది ఆమె చీరలకూ జుట్టుకూ పట్టి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

పొట్టి మనిషి. ఆ ఎత్తుకు పాదాలు మరీ పెద్దవి. వేళ్లు దేనికది ఎడంగా జరిగిపోయి, మడమలు బీటలు వారి ఉంటాయి. కనురెప్పల మీద కూడా ఊక దుమ్ము. ఆమదాలవలస రోడ్డు మీద ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు. కానీ నడుస్తున్నంతసేపూ పెదవులు మూసుకునే లోపల ఒక పాట తిప్పుతూ ఉంటుంది. పాదాలు దానికే కదులుతాయి. ఈరోజు పొద్దున్నించీ ఒకే పాట.

"ఒసే, ఆ పాట అరిగిపోద్దే. సాయంత్రం ఎక్కడికో పిలుపున్నాదేటి?" అంది పక్క చాలులో నడుస్తున్న తవిటమ్మ.

"దీవెనకి రేపు ఇంజిషన్. ఇయ్యేల ప్రార్థన."

"అయితే కాఫీ, బిస్కట్లు. అదృష్టమంతురాలివి."

"నీకంత నోరూరితే నువ్వూ రావే."

"నానొస్తే మీ దేముడు ఎవురీ కొత్త గుంట అని అడుగుతాడు. ఇటు మా అమ్మోరు అలుగుతాది. ఇద్దరికీ నాను సమాదానం సెప్పలేను గానీ, నువ్వే తిని రా." తవిటమ్మ నవ్వి, కాకిని అదిలించి, తరవాత గొంతు తగ్గించింది. "ఎలగున్నాదా గుంటకి?"

అప్పలమ్మ గోడ దగ్గర వెనక్కి తిరిగింది. ఇంకో చాలు మొదలుపెట్టింది.

పాతపట్నం అవతల ఒక పల్లెలో పుట్టింది అప్పలమ్మ. ఊడుపుల్లో ఆమె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. పెళ్లయి ఇటొచ్చింది. మొగుడు లక్ష్ముడు ఈ మిల్లులోనే బస్తాలు మోసేవాడు. పుట్టిన ఒక్క బిడ్డా బారసాల దాకా నిలవలేదు. లక్ష్ముడు కూడా బస్తా కింద నడుం విరిగి, మంచం పట్టి, ఆ మంచం మీదే పోయాడు. ఆ రోజుల్లో ఎవరో రమ్మంటే బాప్టిస్టు గుడికి వెళ్లి అందరికన్నా వెనక, గోడకు ఆనుకుని కూర్చునేది. పాట మొదలైతే తెలియకుండానే గొంతు కలిసిపోయింది. అప్పటి పాస్టరమ్మగారు పాడటం ఆపి వెనక్కి తిరిగి చూసింది. తరవాతి ఆదివారం ఆమెకు ముందు వరసలో చాప వేశారు.

అక్షరం రాదు. ఎవరైనా ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, చరణం చరణమూ లోపల అతుక్కుపోతుంది. అప్పటి నుంచీ ఏ ఇంట్లో జ్వరమొచ్చినా, కాన్పు కష్టమైనా, పిల్లాడి పరీక్షలైనా కబురొస్తుంది. 'అప్పలమ్మ పాడితే జ్వరం దిగుతాది' అంటారు. మిల్లులో ఆమె 'ఒసే'. ఆ ఇళ్లలో 'రా పిన్నీ, కూకో.'

దీవెన రొమ్ములో గడ్డ తేలినప్పుడు, విశాఖపట్నం వెళ్లి మూడు వారాలకోసారి మందు ఎక్కించుకోవాలన్నప్పుడు, గుడి సంఘమంతా ఒక మాట అనుకుంది. ఆ పిల్ల రైలెక్కే ముందురోజు సాయంత్రం అందరూ వాళ్లింటికి వెళ్లి ప్రార్థన చెయ్యాలి. ఒక్కసారీ తప్పకూడదు. చాపలు మోసుకెళ్లేవారు. మొదటి పాట అప్పలమ్మది. దీవెన చిన్నపిల్లగా ఉన్నప్పుడు సండే స్కూల్లో ఆమె నేర్పిన పాట, దీవెనకు ప్రాణమైన పాట. పాట అయ్యాక పాస్టరుగారు దీవెన తలమీద కొబ్బరినూనె రాసి చేతులుంచేవారు.

మొదటిసారి మందు ఎక్కించుకుని ఇంటికొచ్చాక దీవెన రాత్రంతా వాంతులు చేసుకుంది. అందరికీ అంతేనన్నారు. రెండోసారి మందు ఎక్కకముందే, ఆసుపత్రి మెట్ల దగ్గర. మూడోసారి తెల్లవారి రైలెక్కబోతూ. నాలుగోసారి ప్రార్థనలోనే. రెండో చరణం ఎత్తుకుంటుండగా దీవెన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మురుగు దగ్గరకు పరిగెత్తింది. సంఘ పెద్ద, డీకన్ సత్యానందం చెయ్యెత్తి, "లోపలున్నది బయటికొస్తన్నాది. ఆపకు అప్పలమ్మా. సాతాను గింజుకుంటన్నాడు," అన్నాడు. ఆమె ఆపలేదు. ఇంకా ఎత్తుకుంది. పచ్చటి పసరు తప్ప ఏమీ లేనంతవరకూ ఆ పిల్ల కక్కుతూనే ఉంది, వీళ్లు పాడుతూనే ఉన్నారు. ఆ రాత్రి ఏదో గెలిచినట్టే ఇంటికి నడిచింది అప్పలమ్మ.

మధ్యాహ్నం కూడు తినేవేళ దీవెన భర్త శాంతికుమార్ మిల్లు గేటు దగ్గరకొచ్చాడు. పెళ్లిళ్లకు లైట్లు కట్టే పని అతనిది. మెడలో ఇంకా వైరు చుట్ట వేలాడుతోంది.

"పిన్నీ, రేపు ఎల్లనంటన్నాది."

"ఎల్లకపోతే ఎలగ?"

"ఇంక ఇంజిషనే వద్దంట. ఇంకో రెండే ఉన్నాయి. సగంలో మానేస్తే మళ్లీ పెరిగిపోద్దని డాక్టరుగారు దాని ఎదరే సెప్పేరు. తెలిసే అంటన్నాది పిన్నీ."

"ఏలంట?"

"నోరిప్పదు. నాను అరిసేను, మాయమ్మ ఏడిసింది. నేదు, ఎల్లనంటే ఎల్లనంటాది. నువ్వు అందరికన్నా ముందు బేగి రా. నీ మాటంటే దానికి గురి."

మేస్త్రిని అడిగి పొద్దు వాలకముందే బయటపడింది. ఇంటికి పోయి కాళ్లు కడుక్కుని, ఆదివారాలు కట్టే నీలం చీర కట్టుకుంది. రైలు గేటు దాటితే దీవెన వాళ్ల వీధి. హుద్‌హుద్ తుఫానుకు వసారా రేకులు ఎగిరిపోతే వాటి బదులు కట్టిన నీలం పరదా దూరానికే కనిపిస్తుంది. దడి ఇవతల ఒక్క క్షణం ఆగింది.

దీవెన వసారాలో కూర్చుని చద్దన్నం తింటోంది. తలకు చున్నీ చుట్టుకుంది. కనుబొమలు రాలిపోయి మొహం గుడ్డులా నున్నగా ఉంది, కానీ పీక్కుపోలేదు. ఉల్లిపాయ కొరుకుతోంది. మూడేళ్ల కూతురు షాలినికి ఒక ముద్ద పెట్టి తనొక ముద్ద పెట్టుకుంటోంది. ఎంత బాగా తింటోందో! అప్పలమ్మ కడుపు నిండిపోయింది. ఆ సంతోషంలోనే దడి తలుపు తోసింది. లోపల తిరుగుతున్న పాట పెదవుల మీదకొచ్చిందని ఆమెకు తెలియదు.

దీవెన చెయ్యి కంచంలో ఆగిపోయింది. గుటక మింగింది. మళ్లీ మింగింది. లేచి పెరటి మురుగు దగ్గరకు పరిగెత్తింది.

అప్పలమ్మ వెంట పరిగెత్తి వీపు మీద చెయ్యి వేయబోయింది. దీవెన తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి విసిరింది, దగ్గరకు రావద్దని. ఆ చెయ్యి ఆమె మోచేతికి తగిలింది. నెప్పి లేదు. అయినా మోచెయ్యి పట్టుకుని వచ్చి వసారా అంచున కూర్చుంది.

షాలినికి ఇదేమీ పట్టలేదు. అన్నం మెతుకులు అంటిన చేత్తోనే గుడ్డబొమ్మను గోడకు ఆనించింది. ఎదురుగా తను బాసిపట్టు వేసుకుంది. బొమ్మ నెత్తి మీద రెండు వేళ్లు రాసింది. కళ్లు మూసుకుని పాట అందుకుంది. మాటలు సగం లేవు, వరస మాత్రం తప్పలేదు. అప్పలమ్మ తన పాటను తనే విన్నట్టుగా విన్నది. ఒక చరణం అయిందో లేదో పిల్ల బొమ్మ మెడ పట్టి కొబ్బరిచిప్పలోకి వంచింది. "వాక్... వాక్... అయిపోనాది, అయిపోనాది అమ్మా," అంటూ వీపు రాసింది. మూతి తుడిచి మళ్లీ గోడకు ఆనించింది. మళ్లీ నెత్తిన వేళ్లు. మళ్లీ పాట. మళ్లీ కొబ్బరిచిప్ప.

"ఇదేటాట షాలినీ?"

"అమ్మాట."

"రైలేది? ఆసుపత్రి ఏది?"

"రైలు తరవాత," అంది పిల్ల, ఆమెకు ఏమీ తెలియదన్నట్టు చూసి. "ముందు పాట. అప్పుడు వాక్."

అప్పలమ్మ చీర మీద ఊక లేకపోయినా దులుపుకుంటూ కూర్చుంది. దీవెన మొహం కడుక్కుని వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, కూతురినీ ఆమెనూ చూసింది. పిల్ల ఆటను అప్పలమ్మ చూసేసిందని దీవెనకు అర్థమైంది. వచ్చి పక్కన కాదు, కాస్త ఎడంగా కూర్చుంది.

"నా గొంతుకేనా?" అంది అప్పలమ్మ.

"నీ గొంతుకొకదానికే కాదు పిన్నీ. సాపలు పరిస్తే వస్తాది. కొబ్బరినూనె వాసనొస్తే వస్తాది. ఎర్ర సర్బత్తు సూసినా వస్తాది, ఆ మందు ఎర్రగుంటాది గదా. నీ పాటకైతే..." ఆగింది. "మొదటి మాటకే."

"ఎవులికైనా సెప్పేవా?"

"ఆసుపత్రిలో నర్సమ్మకి సెప్పేను. మందు ఒంట్లోకి ఎల్లకముందే ఏల వస్తాదని అడిగేను. ముందురోజు ఏటేటి సేస్తారని అడిగింది. సెప్పేను. బస్సులో ఒకపాలి వాంతయితే మళ్లీ బస్సు సూడగానే తిప్పదా, ఇదీ అలాటిదే అంది. మందుకి ముందు ప్రతిపాలీ ఏది జరుగుతాదో కడుపు దాన్ని గుర్తెట్టుకుంటాదంట. దెయ్యం కాదు, నీ తప్పు కాదు, చాలామందికి వస్తాది అంది. డాక్టరుగారితో సెప్పి మాత్రలు రాయించింది, ముందురాత్రి ఒకటి, తెల్లారి ఒకటి. మెల్లగా ఊపిరి తీసి ఒదలడం నేర్పింది. ముందురోజు జరిగేవన్నీ మార్సీ అంది. రైలు మానేసి బస్సుకెల్లమంది."

"మరి మార్సొచ్చు గదే! మానీడమేటి?"

"రైలు మారుస్తాను. మనుసుల్నెలగ మార్సను?" దీవెన గొంతు లేచింది. "నాకోసం ప్రార్థన సెయ్యకండని సెప్పనా? పాటింటే కక్కొస్తాదంటే నా ఒంట్లో ఏటున్నాదంటారు? సత్యానందం మావ ఆరోజే అన్నాడు గదా. రేపు నాకేటన్నా అయితే, దేవుడి పాటకి కక్కుకున్న దాని కూతురని దీన్నంటారు. అదెందుకు, ఇంజిషనే మానేస్తే గొడవే నేదు. సచ్చిపోతే ఎలాగూ మీరంతా వచ్చి పాడతారు. అప్పుడైతే కక్కను."

"నోర్ముయ్యి."

షాలిని బొమ్మకు మూతి తుడుస్తోంది.

"ఇదీ నేర్సీసింది సూడు," అంది దీవెన. అప్పుడు ఏడ్చింది. "ఆ పాటంటే నాకెంత ఇష్టం పిన్నీ. అది కూడా పోనాది."

అప్పలమ్మ దగ్గరకు జరగబోయి ఆగింది. నీలం చీర కుచ్చెళ్లు ఒళ్లోకి లాక్కుని లేచింది. "రాత్రి మాత్ర ఏసుకుని పడుకో. ఎవులూ రారు. రేపు బస్సుకెల్లు," అంది.

"ఎవులూ రాకపోడమేటి? ఏటని సెప్తావు?"

"అది నాను సూసుకుంటాను."

దీపాలు పెట్టేవేళకు గుడి దగ్గర జనం చేరారు. చాపలు చుట్టి గోడకు నిలబెట్టారు. పాస్టరు బెన్హర్‌గారు మెట్టు మీద చెప్పులు వేసుకుంటున్నారు. సత్యానందం మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఇప్పటికీ సైరన్ వినిపించినట్టు అందరికన్నా ముందుంటాడు. అప్పుడే చాపొకటి చంకన పెట్టుకున్నాడు.

ఈ గుడిలో అప్పలమ్మ ఎన్నో పాటలు పాడింది గానీ, పదిమందిలో నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇక్కడికి వచ్చేసరికి అన్నీ పోయాయి.

"అయ్యగారూ, ఇయ్యేల ఆ ఇంటికి ఎల్లొద్దు."

"ఎల్లొద్దేటి?" అన్నాడు సత్యానందం. "నాలుగుపాలులు ఎల్లేము. నడమన ఒగ్గీడమేటి?"

"నా పాట ఆ గుంటకి పడతాలేదు. ఆరోజు కక్కించింది సాతాను కాదు మావా. నాను."

వెనక ఎవరో వేళాకోళం అనుకుని నవ్వి, ఎవరూ కలవకపోయేసరికి ఆపేశారు.

"వివరంగా చెప్పండి," అన్నారు పాస్టరుగారు.

"మందుకి ముందురోజు ఎప్పుడూ నా పాటే అయ్యగారూ. రేపు ఆ మందు కడుపులో తిప్పుతాదని నా పాటే ముందు సెప్పేస్తన్నాది. అందుకే రేపు ఆసుపత్రికి ఎల్లనంటన్నాది. నా పాట ఇంటే వస్తాది, మనల్ని సూస్తే వస్తాది, నూనె వాసనకీ వస్తాది. మనందరం ఆ మందు సీసా లాగే అయిపోనాం."

"పాట నేకుండా ఒక్క ప్రార్థన సేసొస్తే?" అని ఎవరినీ ప్రత్యేకంగా కాకుండా అడిగింది టీచరు రాజకుమారి. మళ్లీ తనే, "మనల్ని సూసినా వస్తాదన్నావు గదా," అంది.

సత్యానందం చాప దించాడు. ఆయన మొహంలో కోపం కన్నా భయం ఎక్కువుంది. "ఈ మాట దీవెన అన్నాదా?"

అప్పలమ్మ బల్ల మీదున్న బైబిలు వైపు చూసింది. "నేదు. ఏల వస్తన్నాదో ఆ గుంటకీ తెలీదు. నానే సూసేను," అంది.

ఆ గోడల మధ్య ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా వచ్చిందో!

పాస్టరుగారు చెప్పులు విప్పి లోపలికి నడిచారు. రైలు గేటు వైపున్న కిటికీలు ఒక్కొక్కటీ స్వయంగా మూశారు. "దేవుడికి ఇక్కడి నుంచైనా వినపడుతుంది. రండి," అన్నారు. మోకాళ్లూనాక అలవాటు కొద్దీ ఆమె వైపు చూశారు. అప్పలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంజిషన్లు అయ్యేదాకా నాను పాడను అయ్యగారూ. నా గొంతు కిటికీలకి ఆగదు."

రాజకుమారి వేరే పాట మెల్లగా ఎత్తుకుంది. మరీ కింద ఎత్తుకుంది. రెండో వరసకే గొంతు అందలేదు. సరిచేయడానికి అప్పలమ్మ మెడ నరాలు వాటంతటవే బిగుసుకున్నాయి. చెంగు ముడిచి పళ్ల మధ్య పెట్టుకుంది. పాట కుంటుతూనే చివరిదాకా నడిచింది. ఆమె లేకుండానే అయిపోయింది. అంతా లేచారు.

మెట్ల దగ్గర సత్యానందం ఆగాడు. "ఆ గుంటకి రేపు ఏటన్నా అయితే బారం నీదే అప్పలమ్మా."

"నాదే మావా."

ఇంటికొచ్చి గంజి కాచుకుంది, తాగలేకపోయింది. పక్క మీద వాలితే పాట గొంతులోకి వస్తూనే ఉంది. పిల్లాణ్ని నిద్రపుచ్చినట్టు దాన్ని మళ్లీ మళ్లీ పడుకోబెట్టింది.

తెల్లవారుతుండగా వెళ్లకూడదనుకుంటూనే వెళ్లింది. దీవెన వాళ్ల వీధి మొదట్లో గడ్డి దింపని ట్రాక్టరు తొట్టి ఒకటుంది. దాని వెనక నిలబడింది. గడ్డి సందులోంచి ఇల్లు కనిపిస్తోంది. బస్టాండుకు ఆటో వచ్చి ఉంది. శాంతికుమార్ సంచి లోపల పెడుతున్నాడు.

దీవెన బయటికొచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. అత్త లక్ష్మణమ్మ గ్లాసుతో ఏదో తెచ్చి ఇచ్చింది. దీవెన దాన్ని రెండు చేతులా పట్టుకుంది. తాగలేదు. కళ్లు మూసుకుంది. భుజాలు మెల్లగా లేచాయి, మెల్లగా దిగాయి. మళ్లీ లేచాయి, దిగాయి. గడ్డి వెనక అప్పలమ్మ కూడా ఊపిరి అలాగే తీసి, అలాగే వదిలింది. ఎంతసేపో తెలియదు.

కళ్లు తెరిచి దీవెన వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఎవరైనా వస్తున్నారేమోనని భయపడి చూసిందో, ఎవరూ రాలేదేమని వెతుక్కుందో. ఆ చూపు ట్రాక్టరు వైపు తిరిగేసరికి అప్పలమ్మ చక్రం పక్కన ఒదిగి కూర్చుండిపోయింది. ఆటో బయల్దేరిన చప్పుడు, తనను దాటి పోయిన చప్పుడు, మలుపు తిరిగిన చప్పుడు. ఎక్కడా ఆగలేదు. రోడ్డెక్కాక మిగతా బళ్ల మోతలో కలిసిపోయింది.

లేచేసరికి మోకాళ్లు పట్టేశాయి. వీధిలో ఎవరూ లేరు. లక్ష్మణమ్మ లోపలికి పోయింది, పిల్ల ఇంకా లేచినట్టు లేదు. అప్పలమ్మ మిల్లుకు పోవాల్సింది, కాళ్లు దీవెన గుమ్మం వైపే నడిచాయి.

మెట్టు మీద స్టీలు గ్లాసు ఉంది. లోపలి అంచు చుట్టూ రాగిపిండితో కాచిన చోడంబలి జారిన చార, అడుగున ఒక్క చుక్క కూడా లేదు. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.